ల్యాబ్ నుంచి న్యూస్‌రూమ్‌కి: సైన్స్ జర్నలిజంలోకి రావాలనుకునే పరిశోధకులకు సమగ్ర మార్గదర్శి

పీహెచ్‌డీ మధ్యలోనో, పోస్ట్‌డాక్ చేస్తున్నప్పుడో కొందరికి మనసు పక్కకు లాగుతుంది. ఒకే ప్రోటీన్ మీద, ఒకే సమీకరణం మీద ఏళ్ల తరబడి పనిచేయడం కన్నా సైన్స్‌లో నలుమూలలా ఏం జరుగుతోందో తెలుసుకుని పదిమందికీ చెప్పడమే ఎక్కువ ఇష్టంగా అనిపిస్తుంది. సెమినార్‌లో పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లు చెప్పేది సొంత పని కన్నా శ్రద్ధగా వినేది వీళ్లే. ఈ వ్యాసం వాళ్ల కోసం. డిగ్రీ పూర్తి చేయాలా, విడిగా కోర్సు చదవాలా, మొదటి వ్యాసం ఎవరు వేసుకుంటారు, ఇల్లు గడుస్తుందా అనే ప్రశ్నలన్నిటికీ వరసగా వస్తాను.

ముందు ఒక అపోహ తీసేయాలి. పరిశోధన పత్రాన్ని తేలిక మాటల్లో తిరగరాయడమే సైన్స్ జర్నలిజం అని చాలామంది శాస్త్రవేత్తలు అనుకుంటారు. అది పనిలో ఒక భాగం మాత్రమే. అసలు మార్పు మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారన్న దగ్గర వస్తుంది. ఇన్నాళ్లూ మీరు సాటి పరిశోధకుల కోసం రాశారు, వాళ్ల మెప్పు కోసం పనిచేశారు. ఇకపై పాఠకుడి తరఫున ఆ పరిశోధకులనే ప్రశ్నలు అడగాలి. భాష సరళం చేయడం కొన్ని నెలల్లో వచ్చేస్తుంది. ఈ రెండోదే కష్టం. కింద చెప్పే ప్రతి అడుగూ దాన్ని అలవాటు చేసుకోవడానికే.

మొదటి అడుగు: మీకు కావలసింది జర్నలిజమేనా?

సైన్స్ గురించి రాసే ఉద్యోగాలు చాలా రకాలు. యూనివర్సిటీ ప్రెస్ ఆఫీసులో పనిచేస్తే ఆ సంస్థ సాధించినవాటిని లోకానికి చెప్పాలి. మెడికల్ రైటర్లు మందుల కంపెనీల కోసం ట్రయల్ నివేదికలు రాస్తారు. మ్యూజియాలు, సైన్స్ సెంటర్లు ప్రదర్శనలకు వివరణలు రాయించుకుంటాయి. ఇవన్నీ గౌరవంగా బతికే దారులే. చాలాసార్లు జీతం కూడా పత్రికలకన్నా నికరంగా ఉంటుంది. కానీ వీటిలో వేటినీ జర్నలిజం అనరు, ఎందుకంటే ఇక్కడ రాసే మనిషి డబ్బిచ్చే సంస్థకు జవాబుదారీ.

మీది ఏ దారో తేల్చుకోవడానికి ఒక కేసు చెప్తాను. 1998లో 'ది లాన్సెట్' పత్రికలో 12 మంది పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం వచ్చింది. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందన్న భయం అక్కడి నుంచే పాకింది. పీర్ రివ్యూ (అదే రంగంలోని ఇతర నిపుణుల పరిశీలన) దాటి, అంత పేరున్న పత్రికలో అచ్చైన పేపర్ అది. దాని వెనక దాచిన డబ్బు సంబంధాలను, డేటాలోని అవకతవకలను 2004 నుంచి వరసగా బయటపెట్టింది బ్రయాన్ డీర్ అనే విలేకరి. చివరికి 2010లో లాన్సెట్ ఆ పేపర్‌ను పూర్తిగా ఉపసంహరించుకుంది. ఈ కథ వింటే "ఆ విలేకరి పని నేను చేయగలనా, చేయాలని ఉందా" అనిపిస్తోందా? అయితే ముందుకు చదవండి. "నాకు సైన్స్ అందాన్ని చెప్పడమే ఇష్టం, ఎవరితోనూ గొడవ వద్దు" అనిపిస్తే పైన చెప్పిన మిగతా దారులు మీకు బాగా నప్పుతాయి. ఈ విషయం ఇప్పుడే తేల్చుకుంటే తర్వాత చాలా టెన్షన్ తప్పుతుంది.

రెండో అడుగు: చదువు వదిలేయకముందే రాయడం మొదలుపెట్టండి

సైన్స్ జర్నలిస్టు కావడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. కోవిడ్ మహమ్మారి మీద రాసిన కథనాలకు 2021లో పులిట్జర్ జర్నలిజం బహుమతి అందుకున్న ఎడ్ యాంగ్ జంతుశాస్త్రం చదివాడు. ఇదే రంగంలో దశాబ్దాలుగా రాస్తున్న కార్ల్ జిమ్మర్ చదివింది ఇంగ్లిష్ సాహిత్యం. ఎడిటర్లు చూసేది మీ పేరు చివరన ఉన్న డిగ్రీని కాదు, మీరు రాసిన నమూనాలను.

మరి సగంలో ఉన్నవాళ్లు ఏం చేయాలి? నా అభిప్రాయం ఇది: థీసిస్ ఏడాదిలోపు అయిపోయేలా ఉంటే పూర్తి చేయండి. ఆ పట్టా వల్ల కొన్ని తలుపులు తెరుచుకుంటాయి, ఇంటర్వ్యూలో ఎదుటివాళ్లు మిమ్మల్ని త్వరగా నమ్ముతారు. ఇంకా మూడు నాలుగేళ్లు మిగిలి, రోజూ కాళ్లీడ్చుకుంటూ ల్యాబ్‌కు వెళ్తున్నట్టయితే కేవలం పట్టా కోసం అన్నేళ్లు పెట్టడం దండగ. ఏది ఎంచుకున్నా వారానికి కొన్ని గంటలు రాతకు కేటాయించి, పనిలో ఉండగానే రెండు మూడు వ్యాసాలు అచ్చులో చూసుకోండి. ఖాళీ చేతులతో బయటికి రావద్దు.

సాధన ఇలా చేయండి. మీది కాని రంగంలో ఈ వారం వచ్చిన ఒక పేపర్ తీసుకోండి. మీ రంగం వద్దు. అక్కడ మీకు అన్నీ తెలుసు కాబట్టి పాఠకుడికి ఏది తెలియదో కనిపించదు. ఐదారు వందల మాటల్లో వార్త రాయండి. తర్వాత అదే పేపర్ మీద మంచి పత్రిక ఏం రాసిందో పక్కన పెట్టుకుని చూడండి. వాళ్లు దేనితో మొదలుపెట్టారు, ఎవరిని అడిగారు, ఏది వదిలేశారు? ఆ వదిలేసినదాన్ని ఎక్కువగా గమనించండి. కొత్తవాళ్ల రాతలో బరువంతా వదలలేకపోవడం వల్లే వస్తుంది.

మూడో అడుగు: పేపర్ నిర్మాణాన్ని తలకిందులు చేయండి

పరిశోధన పత్రం నేపథ్యంతో మొదలై పద్ధతుల మీదుగా ఫలితాలకు వెళ్లి, చివర్లో ఎక్కడో దాని ప్రాముఖ్యం చెప్తుంది. వార్తలో ఆ చివరిది మొదటికొస్తుంది. పైగా మనకు ల్యాబ్ నుంచి వచ్చిన వాక్యం ఒకటి ఉంటుంది: "ప్రభావం పరిశీలించబడింది", "తేడా గమనించబడింది". ఎవరు పరిశీలించారు, ఎవరు గమనించారు? మనిషిని వాక్యంలోకి తీసుకురండి. రాత సగం బాగుపడుతుంది.

గురుత్వ తరంగాల (భారీ వస్తువుల కదలికల వల్ల విశ్వంలో పుట్టే అలల) విషయమే తీసుకుందాం. పరిశోధకుడి అలవాటు ప్రకారం రాస్తే "లేజర్ ఇంటర్‌ఫెరోమీటర్ ద్వారా గురుత్వ తరంగాల తొలి ప్రత్యక్ష గుర్తింపు ఈ వ్యాసంలో వివరించబడుతోంది" అని వస్తుంది. వార్తగా రాస్తే ఇలా ఉండొచ్చు: "దాదాపు 130 కోట్ల సంవత్సరాల క్రితం రెండు కృష్ణబిలాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆ కుదుపు 2015 సెప్టెంబర్ 14న భూమిని దాటింది. ఈ తరంగాలను పట్టడానికే కట్టిన లైగో యంత్రాల 4 కిలోమీటర్ల పొడవైన చేతుల్లో ప్రోటాన్ కన్నా వందల రెట్లు చిన్న కదలిక తెచ్చింది. శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకున్నారు."

ఇంట్రో తర్వాత ఒకటి రెండు పేరాల్లోనే "ఇదంతా నాకెందుకు" అన్న పాఠకుడి ప్రశ్నకు జవాబు రావాలి. ఈ ఉదాహరణలో ఆ జవాబు ఇది: 1916లో ఐన్‌స్టీన్ ఊహించిన తరంగాలు నేరుగా దొరకడానికి శతాబ్దం పట్టింది, ఇకపై వెలుతురు లేని చోట జరిగేవాటిని కూడా ఖగోళ శాస్త్రవేత్తలు తెలుసుకోగలరు. ఈ పేరా రాయలేకపోతున్నారంటే మీకు ఇంకా స్టోరీ దొరకలేదన్నమాట. రాయడం ఆపి మళ్లీ చదవండి.

సందేహాలను ఏం చేయాలన్నది ఇంకో సమస్య. "కావచ్చు", "సూచిస్తోంది", "మరిన్ని అధ్యయనాలు అవసరం" అని ప్రతి వాక్యానికీ తోక తగిలిస్తే పాఠకుడికి ఏ సందేహం పెద్దదో, ఏది మామూలుదో తెలియదు. ముఖ్యమైన ఒకటి రెండు పరిమితులు ఎంచుకుని వాటిని స్పష్టంగా, వ్యాసం పైభాగంలోనే చెప్పండి. నిజాయితీ అంటే అదే.

నాలుగో అడుగు: విలేకరి కళ్లతో పేపర్ చదవడం

మీ శిక్షణ అక్కరకొచ్చేది ఇక్కడే. పద్ధతుల విభాగం చదివి అర్థం చేసుకోగల విలేకరులు తక్కువ. మీరు నేరుగా అక్కడికే వెళ్లగలరు. ఎంతమంది మీద చేశారు? పోల్చడానికి వేరే బృందం ఉందా? ఎలుకల మీదా, మనుషుల మీదా? ముందే నమోదు చేసిన లక్ష్యాన్నే కొలిచారా, ఫలితం చూశాక లక్ష్యం మార్చారా? డబ్బు ఎవరిచ్చారు?

అది పీర్ రివ్యూ అయిందా అన్నది కూడా చూడాలి. పీర్ రివ్యూకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే పేపర్లను ప్రీప్రింట్లు అంటారు. 1991లో ఆర్కైవ్ అనే వేదికతో మొదలైన ఈ సంస్కృతి 2013లో బయోఆర్కైవ్, 2019లో మెడ్ఆర్కైవ్ వచ్చాక జీవశాస్త్రానికీ వైద్యానికీ పాకింది. ప్రీప్రింట్ మీద రాయకూడదని నియమమేమీ లేదు. అది ప్రీప్రింట్ అని పాఠకుడికి చెప్పాలి, బయటి నిపుణులను మామూలు కన్నా గట్టిగా అడగాలి.

రిస్క్ అంకెల దగ్గర చాలా వార్తలు దెబ్బతింటాయి. 2015లో క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. హెడ్‌లైన్లలో ఆ 18 శాతమే మోగింది. కానీ ఒక జబ్బు జీవితకాలంలో నూటికి 6 మందికి వస్తుందనుకుంటే, 18 శాతం పెరిగితే నూటికి దాదాపు 7 మందికి వస్తుంది. రెండూ నిజమే. మొదటిది మాత్రమే రాస్తే పాఠకుడు భయపడతాడు. రెండోది కూడా రాస్తే తన నిర్ణయం తాను తీసుకోగలడు. కాబట్టి "ఎంత శాతం పెరిగింది" అని చదివిన ప్రతిసారీ "ఎంత నుంచి ఎంతకు" అని వెతకండి. పేపర్‌లో లేకపోతే రచయితను అడగండి.

ఇక ప్రెస్ నోట్. అమెరికాలోని శాస్త్రవేత్తల సంఘం ఏఏఏఎస్ 1996లో ప్రారంభించిన యురేక్‌అలర్ట్ లాంటి వేదికల ద్వారా విలేకరులకు పేపర్లు ముందే అందుతాయి. ఫలానా రోజు ఫలానా గంట దాకా ప్రచురించకూడదన్న షరతు ఉంటుంది. దాన్ని ఎంబార్గో అంటారు. షరతు ఒప్పుకుని సమాచారం తీసుకున్నాక దాన్ని తప్పకూడదు. తప్పితే ఆ వేదికలు మిమ్మల్ని పక్కన పెట్టేస్తాయి. ఆ ముందస్తు సమయాన్ని ప్రెస్ నోట్ దిద్దడానికి కాకుండా బయటివాళ్లకు ఫోన్లు చేయడానికి వాడుకోండి. ఎందుకంటే అతిశయోక్తి చాలాసార్లు ప్రెస్ నోట్‌లోనే పుడుతుంది. 2014లో బ్రిటన్ వైద్య పత్రిక బీఎంజేలో వచ్చిన ఒక అధ్యయనం బ్రిటన్‌లోని 20 ప్రముఖ యూనివర్సిటీల ఆరోగ్య సంబంధ ప్రెస్ నోట్లు 462 పరిశీలించింది. వాటిలో 40 శాతం పేపర్‌లో లేని స్థాయిలో పాఠకులకు సలహాలిచ్చాయి. జంతువుల మీద చేసిన పని గురించిన నోట్లలో ఆ ఫలితాన్ని మనుషులకు అంటగట్టినవి 36 శాతం. విలేకరుల మీద మాత్రమే నింద వేసే అలవాటున్న పరిశోధకులు ఈ అంకెలు ఒకసారి చూడాలి.

అసాధారణ ఫలితం వచ్చినప్పుడు ఎలా రాయాలో నేర్చుకోవడానికి 2011 నాటి ఒపెరా అనే భౌతికశాస్త్ర ప్రయోగం మంచి పాఠం. న్యూట్రినోలనే అతి చిన్న కణాలు కాంతి కన్నా సుమారు 60 నానోసెకన్లు ముందే చేరాయని ఆ బృందం ప్రకటించింది. తామే నమ్మలేకపోతున్నామని, మిగతావాళ్లు పరిశీలించాలని అడిగింది కూడా. కొన్ని నెలలకు సరిగా బిగించని ఫైబర్ ఆప్టిక్ కేబుల్ సంగతి బయటపడింది. "ఐన్‌స్టీన్ తప్పు" అని రాసినవాళ్లు ఇబ్బంది పడ్డారు. "కారణం దొరకని కొలత ఒకటి వచ్చింది, పొరపాటు ఎక్కడుందో వెతుకుతున్నారు" అని రాసినవాళ్ల వ్యాసం ఇవాళ చదివినా నిలుస్తుంది.

ఐదో అడుగు: మాట్లాడటం, అడగటం

పరిశోధకులకు ఇంటర్వ్యూ చేయడం మొదట్లో నామోషీగా ఉంటుంది. తెలివితక్కువ ప్రశ్న అడిగితే ఎదుటి ప్రొఫెసర్ ఏమనుకుంటారో అని లోపల బెరుకు. దాంతో తమకు తెలిసింది చూపించుకుంటూ పొడవాటి ప్రశ్నలు వేస్తారు. ఎదుటివాళ్లు కూడా అదే స్థాయిలో, అదే పరిభాషలో జవాబిస్తారు. అందులో పాఠకుడికి పనికొచ్చే వాక్యం ఒక్కటీ ఉండదు. చిన్న ప్రశ్న అడిగి ఊరుకోండి. "అంటే ఏంటి?", "మొదటిసారి ఆ గ్రాఫ్ చూసినప్పుడు ఏమనుకున్నారు?", "ఇది తప్పని తేలితే ఎందువల్ల తేలొచ్చు?" ఈ చివరిది నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. మంచి శాస్త్రవేత్తకు దానికి జవాబు సిద్ధంగా ఉంటుంది.

పేపర్‌తో సంబంధం లేని నిపుణులు కనీసం ఇద్దరితో మాట్లాడండి. పేపర్ చివరి రిఫరెన్సుల్లో పేర్లు దొరుకుతాయి, కానీ అక్కడే ఆగిపోతే ఒకే ఆలోచన ఉన్నవాళ్లు వరసగా వస్తారు. అదే ప్రశ్న మీద వేరే పద్ధతిలో పనిచేసేవాళ్లను, ఆ ఫలితంతో గతంలో విభేదించినవాళ్లను వెతకండి. వాళ్లు ఈ రచయితలతో కలిసి ఈమధ్య పేపర్లు రాశారేమో చూసుకోండి. ఏ దేశం, ఏ భాష, ఆడా మగా అన్నది కూడా గమనించండి. ఎప్పుడూ అవే నాలుగు గొంతులు వినిపిస్తే మీ రాతకే నష్టం.

మాట్లాడే ముందే షరతులు తేల్చుకోండి. పేరుతో రాయొచ్చా, పేరు లేకుండా నేపథ్యం కోసమేనా, అసలు రాయనే కూడదా అన్నది సంభాషణకు ముందు కుదరాలి. అంతా చెప్పేశాక "ఇది ఆఫ్ ది రికార్డ్" అంటే దానికి మీరు కట్టుబడనక్కర్లేదు. అయితే మీడియాతో ఎప్పుడూ మాట్లాడని విద్యార్థి ఎదురుగా ఉంటే ఈ నియమాన్ని ముందే మీరే చెప్పడం మర్యాద. రికార్డ్ చేస్తుంటే అనుమతి అడగండి.

"అచ్చుకు ముందు వ్యాసం నాకు పంపండి, సరిచూస్తాను" అని చాలామంది అడుగుతారు. ల్యాబ్‌లో సహరచయితల ఆమోదం లేకుండా ఏదీ బయటికి పోదు కాబట్టి మీకు అది సబబుగానే తోస్తుంది. పంపకండి. చాలా పత్రికలు దీన్ని ఒప్పుకోవు. ఎవరి గురించి రాస్తున్నారో వాళ్ల చేతిలో కలం పెట్టినట్టవుతుంది. దానికి బదులు సాంకేతిక వివరాలను, వాళ్ల మాటల సారాన్ని ఫోన్‌లో చదివి వినిపించి, తప్పుంటే చెప్పమనండి. మీ పత్రిక నియమం ఏమిటో ఎడిటర్‌ను ముందే అడిగి పెట్టుకోండి.

ఆరో అడుగు: పిచ్ రాయడం

ఎడిటర్‌కు పంపే ప్రతిపాదనను పిచ్ అంటారు. అకడమిక్ నేపథ్యం నుంచి వచ్చేవాళ్ల పిచ్‌లలో సర్వసాధారణమైన లోపం, స్టోరీకి బదులు అంశాన్ని పంపడం. "పాత రేడియో టెలిస్కోపుల గురించి రాస్తాను" అనేది అంశం. అదే విషయం మీద స్టోరీ ఇలా ఉంటుంది:

"2020 డిసెంబర్ 1న ప్యూర్టో రికోలోని అరెసిబో టెలిస్కోపు కూలిపోయింది. 305 మీటర్ల ఆ డిష్ దశాబ్దాల పాటు పోగుచేసిన డేటా మాత్రం మిగిలింది. కొత్త పరిశీలన ఒక్కటి కూడా చేసే వీల్లేని టెలిస్కోపు నుంచి పరిశోధకులు ఇంకా ఏం రాబడుతున్నారు, పాత టేపులను ఎవరు కాపాడుతున్నారు అన్నది 1,200 మాటల్లో చెప్తాను. డేటాను భద్రపరిచిన ఇంజనీర్లతో, దాని మీద పనిచేస్తున్న ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలతో, ఈ ఖర్చు అనవసరం అనుకునే ఒకరితో మాట్లాడతాను. నేను సిగ్నల్ ప్రాసెసింగ్‌లో పరిశోధన చేశాను. నా రెండు వ్యాసాల లింకులు కింద ఉన్నాయి."

ఏం జరిగింది, ఇప్పుడే ఎందుకు, ఎవరితో మాట్లాడతారు, మీరే ఎందుకు రాయాలి, ఎంత పొడవు అన్నవన్నీ అందులో వచ్చేశాయి. ఒక పేజీ దాటనివ్వకండి. పంపే ముందు ఆ పత్రికలో అదే విషయం ఇప్పటికే వచ్చిందేమో వెతకండి. వారం పది రోజుల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే వేరే చోటికి పంపండి. తిరస్కరణకు మీ రాత బాగోలేదన్న అర్థం ఉండాల్సిన పనిలేదు. చాలాసార్లు బడ్జెట్, లేదా వాళ్ల దగ్గర అలాంటి వ్యాసం ఇంకొకటి ఉండటం కారణం. అచ్చయిన వ్యాసాల వెనక ఉన్న అసలు పిచ్‌లు ది ఓపెన్ నోట్‌బుక్ అనే లాభాపేక్ష లేని సంస్థ దగ్గర పెద్ద సంఖ్యలో ఉచితంగా దొరుకుతాయి. ఒక సాయంత్రం కూర్చుని అవి చదివితే సగం విషయం అర్థమైపోతుంది.

మొదట చిన్న వార్తలతో మొదలుపెట్టండి. మూడు నాలుగు వందల మాటల వార్తకు ఎడిటర్ కొత్త మనిషిని నమ్మడం తేలిక. మీ మాతృభాషలో రాయగలిగితే ఆ అవకాశాన్ని చిన్నచూపు చూడకండి. అక్కడ ఈ పని చేసేవాళ్లు చాలా తక్కువ, పాఠకుల అవసరం చాలా ఎక్కువ.

ఏడో అడుగు: కోర్సులు, ఫెలోషిప్‌లు

కోర్సు తప్పనిసరి కాదు. అయితే డెడ్‌లైన్ల మధ్య రాయడం, ఎడిటర్ల పరిచయాలు, ఇంటర్న్‌షిప్ అక్కడ త్వరగా దొరుకుతాయి. అమెరికాలో శాంటాక్రజ్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, న్యూయార్క్ యూనివర్సిటీ, ఎంఐటీ, లండన్‌లో ఇంపీరియల్ కాలేజీ ఈ రంగంలో పేరున్నవి. అప్పు చేసి చేరాల్సి వస్తే మాత్రం తొందరపడకండి. ఈ వృత్తిలో మొదటి కొన్నేళ్ల సంపాదనతో ఆ అప్పు తీరడం కష్టం.

పరిశోధన విద్యార్థులకు నేరుగా పనికొచ్చేది ఏఏఏఎస్ మాస్ మీడియా ఫెలోషిప్. 1975 నుంచి నడుస్తోంది. సైన్స్ విద్యార్థులను వేసవిలో న్యూస్‌రూమ్‌లకు పంపుతుంది. ఇలాంటివాటికి అర్హత నియమాలు దేశాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి కాబట్టి దరఖాస్తుకు ముందు సరిచూసుకోండి. మీ దేశంలో సైన్స్ జర్నలిస్టుల సంఘం ఉందేమో ప్రపంచ సైన్స్ జర్నలిస్టుల సమాఖ్య సభ్యుల జాబితాలో చూసి చేరండి. విద్యార్థులకు చందా తక్కువగా ఉండొచ్చు.

ఎనిమిదో అడుగు: డబ్బు, ఒప్పందం

స్టైపెండ్ నెలనెలా వచ్చే జీవితం నుంచి ఫ్రీలాన్సింగ్‌కు వస్తున్నప్పుడు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవడం మంచిది. ప్రతి పత్రికనూ రాయకముందే మూడు ప్రశ్నలు అడగండి. డబ్బు వ్యాసం అంగీకరించగానే ఇస్తారా, అచ్చయ్యాకా? రాయించుకుని వేసుకోకపోతే ఎంతిస్తారు? హక్కులు ఎవరివి? మొదటిదానికి "అచ్చయ్యాక" అంటే నెలల తరబడి ఆగాల్సి రావచ్చు. అడగడానికి మొహమాటపడకండి. ఎడిటర్లకు ఈ ప్రశ్నలు మామూలే.

నికరమైన ఆదాయం కోసం చాలామంది పక్కన ఎడిటింగో, అనువాదమో, సంస్థలకు రాసిపెట్టడమో చేస్తారు. అందులో తప్పు లేదు. అయితే డబ్బు తీసుకున్న సంస్థ గురించి వార్త రాయకూడదు. మీ పాత ల్యాబ్, మీ గైడ్, సహరచయితలు, వాళ్ల పోటీదార్లు కూడా ఇదే కోవలోకి వస్తారు. ఇలాంటివాళ్ల జాబితా ఒకటి రాసి పెట్టుకోండి. అనుమానం ఉన్న ప్రతిసారీ పిచ్‌లోనే ఎడిటర్‌కు చెప్పేయండి. నిర్ణయం వాళ్లు తీసుకుంటారు.

తొమ్మిదో అడుగు: పంపే ముందు సరిచూసుకోవడం

వ్యాసం పూర్తయ్యాక దాని ఇంకో ప్రతి తీసుకుని, ప్రతి వాక్యం పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి: పేపర్‌లో ఏ పేజీ, ఇంటర్వ్యూలో ఏ నిమిషం. ఆధారం దొరకని వాక్యం తీసేయండి. పేర్లు, హోదాలు, తేదీలు, యూనిట్లు విడిగా ఇంకోసారి చూడండి. బిలియన్లను కోట్లలోకి మార్చేటప్పుడు సున్నా జారిపోవడం చాలా మామూలు. ఒక బిలియన్ అంటే 100 కోట్లు, ఒక మిలియన్ అంటే 10 లక్షలు అని కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. హెడ్‌లైన్ మీరు పెట్టకపోయినా అచ్చుకు ముందు చూపించమని అడగండి. లోపల జాగ్రత్తగా రాసిందంతా అక్కడ తలకిందులయ్యే ప్రమాదం ఉంది.

అచ్చయ్యాక తప్పు బయటపడితే అదే రోజు ఎడిటర్‌కు చెప్పి, ఏం మారిందో పాఠకుడికి తెలిసేలా సవరణ వేయించండి. నోట్సు, రికార్డింగులు కొన్నేళ్లు భద్రంగా ఉంచండి. ఫిర్యాదు వచ్చినప్పుడు ఎడిటర్ మొదట అడిగేది వాటినే.